పాట, మిడీ విడిపోతున్నాయా? కోర్సు కంటే ముందు టెంపో సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో వయొలిన్లకు, చెల్లోలకు నొటేషన్ రాసి, ఫోన్‌లో తన పాట రికార్డు చేసి రెండూ కలుపుతోంది. పల్లవి దాకా బాగానే ఉండి, చరణానికి వచ్చేసరికి విడిపోతున్నాయి. ఇందులో కెరీర్ ఉందా? ఏ కోర్సులో చేర్చాలి?

జవాబు: ఉంది. సినిమా పాటల్లో, నేపథ్య సంగీతంలో, ప్రకటనల్లో మ్యూజిక్ ప్రోగ్రామర్లు, రికార్డింగ్ ఇంజినీర్లు చేసే పనిలో పెద్ద భాగం ఇదే. అయితే ఫీజు కట్టేలోపు, ఈ విడిపోవడానికి కారణం తనే పట్టుకుని సరిచేయాలి. ఈ పనికి కావలసిన ఓపిక ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

ముందు తేడా ఎలాంటిదో చూడమనండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే మేర వెనకబడితే అది లేటెన్సీ, అంటే శబ్దం చేరడంలో ఆలస్యం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో ట్రాక్ వింటూ పాడితే ఇలాగే అవుతుంది. వైరున్న హెడ్‌ఫోన్స్ వాడాలి, ఇప్పటికే పాడినదాన్ని ఆ మేరకు ఎడమవైపుకు, అంటే ఇంకాస్త త్వరగా మొదలయ్యేలా జరపాలి. తేడా పోనుపోను పెరుగుతుంటే అది టెంపో, అంటే వేగంలో తేడా. మీరు చెప్పినది ఈ రెండోదే. నొటేషన్ నిమిషానికి 80 బీట్లలో ఉంది, తను క్లిక్ (చెవిలో టిక్ టిక్‌మంటూ బీట్ చూపే శబ్దం) లేకుండా 81లో పాడింది అనుకోండి. ఆది తాళంలో పది ఆవర్తనాలకు మిడీకి (నొటేషన్ ప్రకారం కంప్యూటర్ వాయించే ట్రాక్‌కు) 60 సెకన్లు పడితే, పాట 59.26 సెకన్లకే అయిపోతుంది. దాదాపు ఒక పూర్తి బీట్ పోయినట్టే. పాడేటప్పుడు 80కీ 81కీ తేడా చెవికి అందదు, కలిపాక మాత్రం దాగదు.

మ్యూజ్‌స్కోర్ నొటేషన్ కోసం చేసింది, పాడినదాన్ని అందులో పక్కన పెట్టి కలపలేం. ఒక డా (DAW), అంటే పాటలు రికార్డు చేసి కలిపే సాఫ్ట్‌వేర్ కావాలి. అలాంటిదే అయిన రీపర్‌ను 60 రోజులు ఉచితంగా పరీక్షించవచ్చు, నేర్చుకోవడానికి అది చాలు. స్కోరు మొదట్లో రెండు ఖాళీ బార్లు (నొటేషన్‌లో బీట్ల గడులు) పెట్టి, ఒకసారి మిడీగా, మరోసారి ఒక్కో వాద్యాన్నీ విడిగా వేవ్ (కుదించని ఆడియో) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయమనండి. రెండూ ఎందుకంటే మిడీలో ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నదే ఉంటుంది. మ్యూజ్‌స్కోర్ వాద్యనాదాలైన మ్యూజ్ సౌండ్స్‌లో విన్న వయొలిన్ నాదం అందులో రాదు. కానీ టెంపో మ్యాప్, అంటే ఎక్కడ ఎంత వేగమో చెప్పే వివరం, మిడీలోనే వస్తుంది. దిగుమతి చేసేటప్పుడు రీపర్ దాని గురించి అడిగితే సరేననాలి. రిపీట్లు ఉంటే వాటిని విప్పి ఎక్స్‌పోర్ట్ చేసే ఆప్షన్ మరవొద్దు. ఎంపీ3 వద్దు, దాని మొదట్లో చేరే చిన్న నిశ్శబ్దం అమరికను చెడగొడుతుంది.

ఆ తర్వాతే పాడాలి. రెండు బార్ల క్లిక్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గట్టిగా పాడినచోట రికార్డింగ్ మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య. తన శ్రుతి ఐదున్నర అయితే స్కోరునే ఎ ఫ్లాట్‌లో రాయాలి. పాడాక గొంతును సాఫ్ట్‌వేర్‌తో పైకీ కిందికీ లాగితే రికార్డయిన గొంతు నాదం పాడవుతుంది.

క్లిక్ లేకుండా పాడిన పాట నిజంగా బాగుంటే దాన్ని సాగదీయవద్దు. రీపర్‌లో ఆ ట్రాక్ టైమ్‌బేస్‌ను (టెంపో మారితే ట్రాక్ కదలాలా వద్దా అని చెప్పే సెట్టింగ్‌ను) టైమ్‌కు మార్చి, తాళం దెబ్బలున్న చోట టెంపో మార్కర్లు పెడితే మిడీయే పాట వెంట నడుస్తుంది. శ్రమ ఎక్కువ, ఫలితం కూడా అంతే గొప్పగా ఉంటుంది. ఒక్కటి గట్టిగా చెబుతాను: గమకం ఉన్న చోట మిడీ వీణతో అదే స్వరాన్ని వాయించవద్దు. తోడి రాగంలో ఊగే గాంధారం పక్కన కదలని గాంధారం పెడితే ఎంత మిక్స్ చేసినా అతకదు. మిడీకి షడ్జ పంచమాలు, బేస్, పొడవైన స్ట్రింగ్స్ ఇవ్వండి, రాగాన్ని గొంతుకే వదలండి.

చదువు విషయం. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ కోర్సుకు డిగ్రీ కావాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. కాబట్టి ఎంపీసీ వదిలించవద్దు. స్వరరచన మీదే మనసుంటే 2008లో ఏ.ఆర్. రెహమాన్ చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీని పరిశీలించండి. ఏ ప్రైవేటు సంస్థకు వెళ్లినా, విద్యార్థి స్వయంగా మైకు పెట్టి రికార్డు చేసే గంటలు వారానికి ఎన్నో అడిగి రాయించుకోండి. డిగ్రీ పూర్తయ్యేసరికి తన దగ్గర ఇలా కలిపిన మూడు పాటలు, వాటి ప్రాజెక్టు ఫైళ్లతో సహా ఉండాలి. పని ఇచ్చేవారు సర్టిఫికెట్ కంటే ముందు అవే విప్పి చూస్తారు.