శుభోదయాల కింద నీళ్ల కబురు మునిగిపోతుంటే

పటమటలో మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో శుభోదయం బొమ్మల వల్ల నీళ్ల కబురు కనిపించడం లేదని, వద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారని రాశారు. వద్దనకండి. ఒంటరిగా ఉండే రిటైరైన పెద్దాయనకు ఆ గులాబీ బొమ్మ హాజరు పలకడం లాంటిది. ఒక రోజు రాకపోతే ఎవరో ఒకరు తలుపు తడతారు. ఆ గ్రూపును అలాగే ఉంచి, ప్రకటనలకు వేరే గ్రూపు తెరిచి, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగు మార్చండి. ఈలోగా ముఖ్యమైన కబురును గ్రూపులో పైనే కనిపించేలా పిన్ చేయండి. ఎంతకాలం అలా ఉంచాలి, 24 గంటలా, 7 రోజులా, 30 రోజులా అని వాట్సాప్ అడుగుతుంది. ఫోను నిండిపోతుంటే ఫొటోల ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ప్రతి నమస్కారానికీ జవాబు అక్కరలేదండీ, సంక్రాంతికి ఒక ముగ్గు బొమ్మ పెడితే చాలు.