సంతకం పెట్టిన ఓనరును చూడకుండా సెకండ్ హ్యాండ్ కారు కొనొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఏలూరు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాలుగు లక్షల్లోపు సెకండ్ హ్యాండ్ కారు కోసం చూస్తున్నాం. తెలిసినవాళ్ల కార్ల కన్సల్టెన్సీలో (పాత బండ్లు అమ్మిపెట్టేచోట) ఒకటి నచ్చి పదివేలు అడ్వాన్స్ ఇచ్చాం. సీ బుక్ మాత్రం హైదరాబాద్‌లో ఉండే ఒకాయన పేరు మీద ఉంది, బండి కూడా తెలంగాణ రిజిస్ట్రేషనే. "ఆయన సంతకాలు పెట్టిన ఫారాలు మా దగ్గరే ఉన్నాయి, మీకు తీరికైనప్పుడు పేరు మార్పించుకోండి" అంటున్నారు. అలాంటి కారే ఆన్‌లైన్ కంపెనీలో నలభై వేలు ఎక్కువ. ఎక్కడ కొంటే సేఫ్? అడ్వాన్స్ వెనక్కి వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట చెప్పండి. ఆ సంతకాలు పెట్టినాయనతో మీరు కనీసం ఫోన్లోనైనా మాట్లాడారా? మాట్లాడకపోతే మిగతా డబ్బు ఇప్పుడే ఇవ్వకండి.

అలాంటి ఫారాలు నా టేబుల్ మీదికి చాలాసార్లు వచ్చాయి. ఒకాయన తెచ్చినవి బాగా గుర్తున్నాయి. ఫారం 29, ఫారం 30, అంటే బండి పేరు మార్పుకు ఆర్టీఓకి ఇచ్చేవి. అమ్మినవాళ్ల సంతకం ఉంది. కొన్నవాళ్ల పేరు ఖాళీ, తేదీ ఖాళీ, ధర ఖాళీ. ఎన్ని చేతులు మారాయోగానీ మడతల దగ్గర కాగితం చిరిగి, టేపు వేసి ఉంది. "లోన్ క్లియర్ అయిపోయింది, ఫైనాన్స్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రెండ్రోజుల్లో వస్తుంది" అన్న మాట నమ్మి ఆయన మొత్తం డబ్బు కట్టేశారు. ఎనిమిది నెలల తర్వాత టోల్ గేటు దగ్గర ఫైనాన్స్ కంపెనీ మనుషులు ఆపి, పిల్లల్ని దింపించి కారు తీసుకుపోయారు. సీ బుక్‌లో ఓనరు వేరే ఆయన, దాని మీద అప్పు ఫైనాన్స్ వాళ్లది. మా క్లయింటు చేతిలో మిగిలింది ఆ టేపు వేసిన కాగితమే.

చట్టం చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. "తీరికైనప్పుడు" అనే మాట అందులో ఎక్కడా లేదు.

అసలు తొందర ఉండాల్సింది అమ్మిన ఓనరుకే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అందులో బండి చేతులు మారుతూ పోయింది, రికార్డులో పేరు మాత్రం మొదటాయనదే. యాక్సిడెంట్ జరిగాక నష్టపరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని కోర్టు చెప్పింది. ఈ సంగతి తెలిసిన ఓనరెవరూ ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి నిశ్చింతగా ఉండరు. మీ కారు ఓనరుకు ఆ టెన్షన్ లేదంటే, ఆయనకు విషయం తెలియకపోవాలి, లేదా తన బండి ఎక్కడుందో ఆయనకే తెలియకపోవాలి. రెండూ మీకు మంచివి కావు.

ఇన్సూరెన్స్ కూడా పేరు మార్పుతో ముడిపడిందే. థర్డ్ పార్టీ కవర్, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండే ఇన్సూరెన్స్, బండితో పాటే మీకు వస్తుంది. కానీ పాలసీని 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవడానికి అప్లై చేయాలి. చేయకపోతే మీ కారు రిపేరు ఖర్చును ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వననొచ్చు.

ఇక ఎక్కడ కొనాలన్నది. కన్సల్టెన్సీలన్నీ మోసం అని నేను అనను. తరాలుగా నమ్మకంగా వ్యాపారం చేస్తున్నవాళ్లూ ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. అది ఉన్న డీలరుకు ఓనరు బండి అప్పగిస్తే ఆ విషయం రవాణా శాఖ పోర్టల్‌లో నమోదవుతుంది. అప్పటి నుంచి బాధ్యత డీలరుదే, పేరు మార్పుకు ఆయనే అప్లై చేయొచ్చు. కాబట్టి మీ కన్సల్టెన్సీ వాళ్లను ఆ సర్టిఫికెట్ చూపించమనండి. ఉంటే ఖాళీ ఫారాల అవసరమే లేదు. లేదంటే ఓనరు గారిని పిలిపించమనండి, ఆయన ఎదురుగానే సంతకాలు జరగాలి.

ఆన్‌లైన్ కంపెనీ అయితే ఒప్పందంలో "విక్రేత" అన్నచోట ఎవరి పేరుందో చూడండి. కంపెనీయే అమ్ముతుందా, మధ్యవర్తి మాత్రమేనా అన్నది అక్కడ తెలుస్తుంది. ఆర్‌సీ (సీ బుక్) మార్పించే బాధ్యత, కారు తిరిగి ఇచ్చే గడువు రాతలో ఉన్నాయో లేదో చూడండి. ఫోన్లో అమ్మాయి చెప్పిన హామీ లెక్కలోకి రాదు.

వ్యాపారి దగ్గర కొనడంలో ఇంకో లాభం ఉంది. మీటరు వెనక్కి తిప్పారనో, యాక్సిడెంట్ బండి అని దాచారనో తేలితే రెండేళ్లలోపు ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మీరు కట్టిన ధర ఐదు లక్షల్లోపు ఉంటే ఫీజు లేదు. తన సొంత కారు అమ్ముకునే వ్యక్తి మీద ఆ దారి లేదు, సివిల్ కోర్టుకే పోవాలి, మోసం చేశాడంటే పోలీసు కేసు పెట్టాలి. అందుకే తెలిసినవాళ్ల దగ్గరైనా రాతకోతలు లేకుండా కొనొద్దంటాను.

కారు దగ్గరికి ఈసారి వెళ్లినప్పుడు టార్చి, పెన్సిలు, తెల్లకాగితం పట్టుకెళ్లండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. దాన్ని సీ బుక్‌తో అక్షరం అక్షరం పోల్చండి. చుట్టూ గీరినట్టు, కొత్తగా వెల్డింగ్ చేసినట్టు ఉంటే అక్కడితో ఆపేయండి. దొంగ బండిని తెలియక కొన్నా అది మీది కాదు, పోలీసులు పట్టుకుపోతారు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వెబ్‌సైట్‌లో బండి వివరాలు కొట్టి దొంగతనం కేసుందేమో చూసుకోవచ్చు. రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు ఉందా అన్నది, చూడండి. బ్యాంకు పేరుంటే ఫారం 35 (ఆ అప్పు నమోదు తీసేయించే ఫారం), బ్యాంకు ఎన్‌ఓసీ రెండూ చేతికి రావాలి. చలాన్లు అమ్మేవాళ్లే కట్టాలి.

మీరు లెక్కలో వేసుకోనిది ఒకటుంది. తెలంగాణ బండి ఏలూరు వస్తే తెలంగాణ ఆర్టీఓ ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఎంతవుతుందో బేరానికి ముందే మీ ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఆ నలభై వేల తేడా అందులోనే పోవచ్చు.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, ఓనరు ఖాతాకో, సర్టిఫికెట్ ఉన్న డీలరు ఖాతాకో. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఇన్‌కమ్ టాక్స్ చట్టం ఒప్పుకోదు. కొంత సొమ్ము పేరు మారాకే ఇస్తామని రాయించుకోండి.

అడ్వాన్స్ సంగతి. ఈ రోజే కన్సల్టెన్సీకి వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "ఫలానా తేదీన ఫలానా నంబరు కారుకు పదివేలు ఇచ్చాం. ఏడు రోజుల్లో ఓనరు సంతకాలు, ఎన్‌ఓసీ చూపించండి. లేకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వండి." సరైన కాగితాలు చూపించలేకపోవడం వాళ్ల లోపం, కాబట్టి డబ్బు అడిగే హక్కు మీకుంది. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ కదలకపోతే ఆ మెసేజు, పదివేలు ఇచ్చిన ఆధారం తీసుకుని నా దగ్గరికి రండి, నోటీసు పంపుదాం.