చపాట మిర్చి సొంత విత్తనం ఎందుకు మారుతోంది?

సొంత విత్తనం వేస్తే చపాట (లావు కాయల, కారం తక్కువ మిర్చి రకం) కాయలు సన్నగా, కారంగా వస్తున్నాయంటే, ఆ విత్తనం తీసిన పంటలోనే పక్క చేలోని తేజ (సన్నటి, బాగా కారం ఉండే రకం) పుప్పొడి తేనెటీగలతో వచ్చి కలిసినట్టే అన్నా. ధ్రువీకృత మిర్చి విత్తనానికి వేరే మిర్చి రకాల నుంచి 200 మీటర్ల ఎడం నియమం. మన వరంగల్ వైపు చిన్న కమతాల్లో అది కుదరదు, వల కప్పాల్సిందే.

1. చేను మధ్యలో లావు కాయల మొక్కలు ఓ 30 ఎంచుకోండి. ఒకటి రెండిటితో సరిపెడితే రకంలోని వైవిధ్యం పోతుంది.

2. కప్పే ముందు విచ్చిన పూలు, పిందెలు, కాయలు మొత్తం తీసేయండి. చాలామంది వదిలేసేది ఇదే! వాటిలో పరాయి పుప్పొడి ముందే చేరి ఉండొచ్చు, తర్వాత ఎంత కప్పినా లాభం లేదు.

3. దోమతెర కప్పి, పొద్దున మెల్లగా కదిలించండి. మిర్చి తన పుప్పొడితోనే కాయ కడుతుంది.

4. వల తీసే ముందు లోపలి కాయలకు దారం కట్టండి. విత్తనం వాటిదే.

ఇప్పటికే కలిసిన విత్తనమైతే రెండు మూడు పంటలు ఇలాగే ఏరాలి.