రోజూ శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం బైక్ మీద డ్యూటీకి వెళ్లాలంటే ఏ జాకెట్ మంచిది?

మన ఎండకీ ఉక్కకీ మెష్ (గాలి ఆడే జాలీ బట్ట) జాకెట్టే. కాకపోతే ఒళ్లంతా మెష్ ఉన్నది వద్దు. పడితే రోడ్డుకి రాసుకునే భుజాలు, మోచేతుల దగ్గర 500 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) పైబడిన గట్టి బట్ట ఉండాలి. లోపలి లేబుల్ మీద ఈఎన్ 17092 (బైక్ దుస్తులకి యూరప్ భద్రతా ప్రమాణం) 'ఏఏ' గ్రేడ్ ఉందేమో చూడండి. ఒట్టి 'ఏ' ఊళ్లో తిరగడానికి పర్లేదు, హైవేకి చాలదు. వీపు దగ్గర చాలావాటిలో ఉత్త స్పాంజి ముక్కే ఉంటుంది. దాన్ని తీసేసి ఈఎన్ 1621-2 (వీపు ప్యాడ్‌లకి ఉన్న యూరప్ ప్రమాణం) లెవెల్ 2 ప్యాడ్ పెట్టుకోండి.

షాపులోనే బండెక్కి, హ్యాండిల్ పట్టుకుని, మోచేతి ప్యాడ్‌ని తిప్పి చూడండి. పక్కకి జారిందా, సైజు పెద్దదే. పడ్డప్పుడూ అలాగే జారుతుంది.

వానకి లోపల తొడిగే లైనర్ దండగ. పైబట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పైజేబులో ఫోనూ తడుస్తుంది. జాకెట్ మీద వేసుకునే రెయిన్‌కోటే కొనండి, ఒక సైజు పెద్దది.