స్వర సందేహాలు: ఒకే పెడల్‌లో అనేక మాడ్యులేషన్లు

ప్రశ్న: కొన్నేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని గరుకుగా చేసేది), డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) పెడళ్లు ఉన్నాయి. కోరస్, ఫేజర్, ట్రెమోలో వంటి మాడ్యులేషన్ (ధ్వనిని ఊపుతూ మార్చే) ఎఫెక్టులన్నీ ఒక్కదానిలోనే ఉండే పెడల్ కొనాలనుకుంటున్నాను. కొన్నింటిలో ఆరు మోడ్‌లు, కొన్నింటిలో పన్నెండు ఉన్నాయి. ఎక్కువ మోడ్‌లు ఉన్నదే మేలా?

జవాబు: మోడ్‌ల సంఖ్యను అన్నిటికంటే చివర చూడండి. వాల్రస్ ఆడియో వారి ఎం1లో ఆరు, స్ట్రైమన్ మోబియస్‌లో పన్నెండు ఉంటే, బాస్ ఎండీ-500లో పన్నెండు మోడ్‌ల కింద 28 రకాలు ఉన్నాయి. అయితే ఈ రకాలలో అధిక భాగం నాలుగైదు మూల ప్రక్రియల నుంచి పుట్టినవే. ధ్వని స్థాయిని లయబద్ధంగా పెంచుతూ తగ్గిస్తే ట్రెమోలో, శ్రుతిని అటూ ఇటూ ఊపితే వైబ్రాటో అవుతుంది. అలా శ్రుతి ఊగుతూ, కాస్త ఆలస్యంగా వచ్చే ధ్వనిని అసలు ధ్వనితో కలిపితే కోరస్ వస్తుంది. కోరస్‌లో ఈ ఆలస్యం సుమారు 15 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఉంటే, దానిని పది మిల్లీసెకన్ల లోపుకు తగ్గించి, వచ్చిన ధ్వనిలో కొంత తిరిగి లోపలికి పంపినప్పుడు ఫ్లాంజర్ వినిపిస్తుంది. ఫేజర్‌లో ఇటువంటి ఆలస్యపు ప్రతి ఉండదు. ఆల్‌పాస్ ఫిల్టర్ల (స్థాయిని మార్చకుండా తరంగాన్ని కాస్త జరిపే సర్క్యూట్‌ల) వరుస గుండా వెళ్లిన ధ్వని అసలు ధ్వనితో కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు అణగిపోతాయి, ఆ అణిగిన చోట్లు పైకీ కిందికీ కదులుతూ ఉంటాయి. నాలుగు దశల (అంటే నాలుగు ఫిల్టర్ల) ఫేజర్‌లో అటువంటి చోట్లు రెండే, కనుక అది మృదువుగా వినిపిస్తుంది. దశలు పెరిగేకొద్దీ సుడి చిక్కబడుతుంది.

అందుచేత మీరు వాయించే పాటలలో నిజంగా అవసరమయ్యే రెండు మూడు ఎఫెక్టులను ముందుగా గుర్తించి, ఆ రెండు మూడే ఏ పెడల్‌లో బాగున్నాయో వినండి. మిగిలిన తొమ్మిదీ బాగుండి, మీరు రోజూ వాడే కోరస్ నచ్చకపోతే ఆ పెడల్ వల్ల ప్రయోజనం లేదు. వినేటప్పుడు డెప్త్‌ను (ఊపు ఎంత ఉండాలో నిర్ణయించే నాబ్‌ను) పూర్తిగా పెంచి ఆశ్చర్యపోవడం కాక, మూడో వంతు దగ్గర ఉంచి, వేగాన్ని అత్యల్పం నుంచి అత్యధికం వరకు మెల్లగా తిప్పి చూడాలి. నాసిరకం కోరస్ ఆ తక్కువ డెప్త్‌లోనే శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. పరీక్షకు మీ ఓవర్‌డ్రైవ్‌ను కూడా తీసుకువెళ్లండి, ఎందుకంటే స్వచ్ఛమైన ధ్వనితో ముచ్చటగా ఉన్నది డ్రైవ్ తోడైనప్పుడు పూర్తిగా మారిపోవచ్చు.

పెడల్ తయారీదారుల పనితనాన్ని పట్టి ఇచ్చేవి రెండు మోడ్‌లు: రోటరీ (తిరిగే లెస్లీ స్పీకర్‌ను అనుకరించేది), యూనివైబ్ (ఆ పేరుగల పాత ఫేజర్ తరహా ఎఫెక్టును అనుకరించేది). అసలైన లెస్లీ స్పీకర్‌లో పైనున్న హార్న్, కింద బాస్ స్పీకర్ ముందు తిరిగే డ్రమ్ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. తేలికైన హార్న్ త్వరగా వేగం అందుకుంటే, బరువైన డ్రమ్‌కు ఎక్కువ సమయం పడుతుంది. నెమ్మది నుంచి వేగానికి మార్చినప్పుడు ఈ తేడా వినిపించకపోతే అది పేరుకు మాత్రమే రోటరీ. యూనివైబ్‌లో ఒక చిన్న బల్బు మిణుకుతూ, చుట్టూ ఉన్న నాలుగు కాంతి గ్రాహకాల నిరోధాన్ని మారుస్తుంది. బల్బు వెలిగే తీరుకూ ఆరే తీరుకూ పొంతన ఉండదు కనుక అందులోని ఊపు సమానంగా సాగదు, ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది. ఈ మోడ్ సాధారణ ఫేజర్‌లాగే వినిపిస్తే దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

తరువాత చూడవలసింది కాలి పని. ఒకేసారి రెండు ఎఫెక్టులు పనిచేయాలా అన్నది మీరు తేల్చుకోవాలి: ఎండీ-500 రెండింటిని కలిపి నడపగలదు, మోబియస్ ఒకసారికి ఒక్కదాన్నే నడుపుతుంది. పాట మధ్యలో ఒకదాని నుంచి మరొకదానికి మారేవారికి ప్రీసెట్‌లు (ముందే దాచుకున్న సెట్టింగులు) తప్పనిసరి. ఇంట్లో కూర్చుని నాబ్‌లు తిప్పుకుంటూ వాయించేవారికి చిన్న తెరమీద మెనూలు వెతుక్కోవడం విసుగు తెప్పిస్తుంది. ట్యాప్ టెంపోకు (కాలితో తాళం తట్టి వేగాన్ని నిర్ణయించే వీలుకు) చాలామంది ఇచ్చేంత ప్రాధాన్యం నేను ఇవ్వను. ట్రెమోలోకు అది ఎంతో అవసరం, ఎందుకంటే నిమిషానికి 120 దెబ్బల పాటలో ప్రతి దెబ్బ 500 మిల్లీసెకన్లు, ఆ లెక్క కాస్త తప్పినా వినేవారికి వెంటనే తెలిసిపోతుంది. నెమ్మదిగా సాగే కోరస్ విషయంలో అది దాదాపు అనవసరం.

ప్రశ్న: ఈ పెడల్‌ను ఓవర్‌డ్రైవ్‌కు ముందు పెట్టాలా, తరువాత పెట్టాలా?

జవాబు: ట్రెమోలో తరువాతే ఉండాలి. ఓవర్‌డ్రైవ్ ధ్వని స్థాయిలోని హెచ్చుతగ్గులను చదును చేస్తుంది కనుక, ముందు పెడితే స్థాయి మారడానికి బదులు గరుకుదనం మాత్రమే హెచ్చుతగ్గులవుతుంది. కోరస్‌ను ముందు పెడితే శ్రుతిలో స్వల్ప తేడా ఉన్న రెండు స్వరాలు డ్రైవ్‌లో ఒకదానితో ఒకటి చిక్కుపడి మసకబారుతాయి. ఫేజర్, యూనివైబ్ మాత్రం ముందు ఉంటేనే నాకు నచ్చుతాయి. అక్కడ సుడి మెత్తబడి గిటార్‌లో కలిసిపోతుంది. ఫ్లాంజర్ తరువాత ఉంటే, డ్రైవ్ పుట్టించిన అనుస్వరాలు (హార్మోనిక్స్) ఎక్కువగా ఉండటం వల్ల, పైకీ కిందికీ సాగే ఆ కదలిక విమానం వెళ్తున్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది. అన్ని మోడ్‌లూ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు వచ్చే చిక్కు ఇదే, ఒక చోటు అన్నిటికీ సరిపోదు. మోబియస్‌లో ఉన్నట్టు, డ్రైవ్‌ను మధ్యలో కలుపుకుని ఒక్కొక్క ప్రీసెట్‌కు ముందు, వెనుక స్థానాన్ని మార్చుకునే వీలు ఉంటే ఈ సమస్య తీరుతుంది. ఆ వీలు లేకపోతే మీరు ఎక్కువగా వాడే ఎఫెక్టును బట్టి చోటు నిర్ణయించండి.

ప్రశ్న: కొత్త మాడ్యులేషన్ పెడల్ కలిపినప్పటి నుంచి సన్నని కీచు రొద వస్తోంది. పెడల్ లోపమా?

జవాబు: అన్ని పెడళ్లకూ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు తీగతో విద్యుత్తు ఇస్తున్నట్లయితే ముందుగా దానినే అనుమానించాలి. డిజిటల్ పెడల్ లోపలి క్లాక్ (సర్క్యూట్‌ను నడిపే సమయ సంకేతం) శబ్దం ఉమ్మడి గ్రౌండ్ ద్వారా పక్కనున్న ఓవర్‌డ్రైవ్‌లోకి చేరుతుంది, అది దానిని మరింత పెంచి వినిపిస్తుంది. విడివిడి ఐసొలేటెడ్ (ఒకదానితో ఒకటి విద్యుత్ సంబంధం లేని) అవుట్‌పుట్‌లు ఉన్న పవర్ సప్లై వాడండి. ఇటువంటి పెడళ్లకు కరెంటు కూడా ఎక్కువ కావాలి. మోబియస్‌కు 9 వోల్టుల వద్ద 300 మిల్లీయాంపియర్లు అవసరం, చాలా సప్లైలలోని 100 మిల్లీయాంపియర్ల అవుట్‌పుట్ దానికి చాలదు. అవసరానికి మించిన మిల్లీయాంపియర్ల సామర్థ్యం ఉన్న సప్లై వల్ల హాని లేదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ, ధ్రువత మాత్రం పెడల్ మీద రాసినట్టే ఉండాలి.

ప్రశ్న: స్టీరియో అవుట్‌పుట్ లేని పెడల్ కొంటే నష్టమా?

జవాబు: ఒకే యాంప్లిఫయర్‌తో వాయించేవారికి నష్టమేమీ లేదు. 1976లో వచ్చిన బాస్ సీఈ-1లో ఒక అవుట్‌పుట్ నుంచి అసలు ధ్వని, మరొకదాని నుంచి ఊగే ధ్వని వెలువడి, రెండూ గది గాలిలో కలిసి కోరస్ అయ్యేవి. ఆ విశాలతకు రెండు యాంప్లిఫయర్లు కావాలి. రెండు అవుట్‌పుట్‌లలోనూ అసలు ధ్వనితో పాటు ఊగే ధ్వనిని పంపుతూ, రెండో దానిలో మాత్రం ఊగే ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే పెడళ్లు కూడా ఉన్నాయి. వాటి రెండు కేబుళ్లనూ వేదిక మీద మిక్సర్‌లో మోనోగా కలిపితే, ఊగే ధ్వనులు రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కోరస్ మాయమవుతుంది. అటువంటి చోట మోనో అని గుర్తు ఉన్న జాక్ నుంచి ఒక్క కేబుల్ మాత్రమే ఇవ్వండి.