మందిరానికి వెళ్తున్నా మనసు తేలికపడటం లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, భూపాలపల్లి నుంచి వచ్చి హనుమకొండలో హాస్టల్‌లో ఉంటూ పోటీ పరీక్షలకు చదువుతున్నానని, మూడు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదని, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లి, మందిరంలో వెనుక వరుసలో కూర్చుని చివరి ఆశీర్వాదం కాగానే వచ్చేస్తున్నానని రాశారు. సహవాసం మనసుకు బలమని అందరూ అంటారు కదా, మరి నాలో ఏ మార్పూ ఎందుకు లేదు, నా విశ్వాసంలోనే లోపం ఉందా అని అడిగారు. లోపం మీ విశ్వాసంలో ఉందని నేను అనుకోవడం లేదు. మీరు ఆరాధనకు వెళ్తున్నారు గానీ, తోటి విశ్వాసులతో కలిసిమెలిసి ఉండే సహవాసంలోకి ఇంకా రాలేదు. ఈ రెండూ ఒకటేనని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను కాజీపేటలో ఉంటాను, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. 2021 మే నెలలో, కరోనా రెండవ విడతలో మావారు చనిపోయారు. లాక్‌డౌన్ రోజులు కావడంతో సమాధి కార్యక్రమానికి మా పాస్టరు అయ్యగారితో కలిపి ఐదుగురమే ఉన్నాము. మూడవ రోజు ఆదరణ కూడిక జరగనే లేదు. మామూలు రోజుల్లో మా సంఘంలో ఎవరైనా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. ఒక్కో ఇంటి నుంచి అన్నం, పప్పు గిన్నెల్లో వస్తాయి, రాత్రి పొద్దుపోయేదాకా స్త్రీలు చాపల మీద కూర్చుని కీర్తనలు పాడతారు, పోయినవారి గురించి గుర్తున్నవన్నీ చెప్పుకుని ఏడుస్తారు, మధ్యమధ్యలో నవ్వుతారు కూడా. చిన్నప్పటి నుంచి చూస్తున్నందువల్ల అది ఒక ఆనవాయితీ అనుకున్నానే తప్ప, దాని వల్ల ఏం జరుగుతుందో నాకు తెలియలేదు. అదేదీ లేని ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు తెలిసింది. ఏడవడానికి కూడా ఒక చోటు, ఒక సమయం, ఎదురుగా నలుగురు మనుషులు ఉండాలి. అవి దొరకకపోయేసరికి నా దుఃఖం ఆరు నెలల తరువాత వేరే రూపంలో బయటపడింది: నిద్ర పోయింది, ఆకలి పోయింది, తరగతిలో బోర్డు మీద సగం వాక్యం రాసి తక్కినది గుర్తురాక చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని.

మందిరాలు తెరిచాక నేనూ మీలాగే వెనుక కూర్చుని వచ్చేసేదాన్ని. తరువాత అదీ మానేశాను. రెండు ఆదివారాలు కనిపించకపోయేసరికి, మా సంఘంలో కూరగాయలు అమ్ముకునే ఒక పెద్దమ్మ గురువారం సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మందిరానికి ఎందుకు రావడం లేదని అడగలేదు. సంచిలోని చిక్కుడుకాయలు చాటలో పోసి, చాటను ఇద్దరి మధ్యా పెట్టి, ఈనెలు తీయడం మొదలు పెట్టింది. నా చేతులు కూడా వాటంతట అవే కాయలను అందుకున్నాయి. అరగంట సేపు ఆమె ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర గురించి, మనవడి జ్వరం గురించి మాట్లాడి, లేచేముందు నా తల మీద చెయ్యి పెట్టి రెండు మాటల్లో ప్రార్థన చేసి వెళ్లిపోయింది. మళ్లీ గురువారం వచ్చింది, ఆ పై గురువారమూ వచ్చింది. నాలుగవ గురువారం, కాయ చేతిలో ఉండగానే, నాకు బతకాలని లేదని ఆమెతో చెప్పాను. ఆ మాట నేను కన్న కొడుకుతో చెప్పలేదు, పదేళ్లుగా కలిసి పనిచేస్తున్న తోటి టీచర్లతో చెప్పలేదు. ఆమె బెదిరిపోలేదు, బైబిల్ వాక్యం ఎత్తుకోలేదు. “ఈ రాత్రి నేను ఈడనే పంట బిడ్డా” అన్నది. మరునాడు పొద్దున్నే పాస్టరమ్మగారిని పిలుచుకొచ్చి, ఇద్దరూ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆ తరువాత బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదివినప్పుడు నాకు ఆ గురువారాలే గుర్తుకొచ్చాయి. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూలబడి ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని ప్రార్థించినప్పుడు దేవుడు అతణ్ణి మందలించలేదు. దూత అతణ్ణి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండవసారి లేపి మళ్లీ తినమన్నాడు. “ఇక్కడ నీకేమి పని” అన్న ప్రశ్న, అతడు తిని, నిద్రపోయి, నడిచి హోరేబు కొండకు చేరిన తరువాత గానీ రాలేదు. ఆ వరుసను మనం తలకిందులు చేస్తున్నామేమో అని నాకు అనిపిస్తుంది. కుంగిపోయిన మనిషి కనబడగానే ముందుగా ప్రశ్న వేస్తాము.

డాక్టరుగారు అది డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాసిచ్చారు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని, కాస్త బాగున్నట్టు అనిపించగానే సొంతంగా ఆపేయవద్దని కూడా చెప్పారు. ఆ కొన్ని వారాలు గడవడమే కష్టం, తమ్ముడూ. మాత్ర వేసుకుంటున్నా తేడా కనిపించదు, కనిపించడం లేదు కాబట్టి మానేయాలనిపిస్తుంది. ఆ వారాల్లో, ఇంట్లో కొద్దిమంది ప్రార్థనకు కలిసే మా గృహ కూడికలోని ఒక చెల్లెలు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి “మాత్ర వేసుకున్నావా అక్కా” అని అడిగేది, మరొకరు పొద్దున నన్ను నడకకు తీసుకెళ్లేవారు, కూడికలో నా గొంతు పెగలకపోతే నా పక్కన కూర్చున్నవాళ్లు పాడేవారు. నన్ను బాగుచేసింది మందా, ప్రార్థనా అని అడిగితే నేను విడదీసి చెప్పలేను. సహవాసమే లేకపోతే ఆ మందు పనిచేసేదాకా నేను వాడి ఉండేదాన్ని కాదు.

సంఘంలో అన్నీ ఇలాగే ఉంటాయని చెబితే అది అబద్ధమవుతుంది. బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు మనసుకు మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని వేదిక మీద చెప్పినప్పుడు, నేను ఇంటికి వచ్చి మాత్రల పట్టీని చెత్తబుట్టలో వేశాను. మా అయ్యగారు అది తెలిసి వచ్చి, “నేను రోజూ షుగరు మాత్ర వేసుకుని ప్రసంగం చేస్తున్నానమ్మా, మీ మాత్ర వేరే ఎలా అవుతుంది” అని అడిగితే మళ్లీ మొదలుపెట్టాను. ప్రార్థన మనవి పేరుతో ఒక ఇంటి సంగతి పది ఇళ్లకు చేరడం కూడా మన సంఘాల్లో ఉన్నదే, నాకూ జరిగింది. అందువల్ల మీ పరిస్థితిని అందరి ముందూ సాక్ష్యంగా చెప్పమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఇప్పుడు వద్దని చెప్పండి. నోరు జారని మనిషి ఒక్కరు దొరికినా చాలు.

మీ ప్రశ్నలోని అసలు ముడి ఇక్కడే ఉంది. అమెరికాలో చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమం తప్పకుండా ఆరాధనకు వెళ్లేవారికి జీవితం పట్ల తృప్తి ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం సంఘంలో వారికున్న స్నేహాలేనని తేలింది. సంఘంలో దగ్గరి స్నేహితులు లేనివారికి, ఎంత క్రమంగా వెళ్లినా, ఆ మేలు కనిపించలేదు. ఇది అమెరికా సంగతి, మన దగ్గర అచ్చం ఇలాగే ఉంటుందని అనలేము, కానీ నా అనుభవం దీనికి దగ్గరగానే ఉంది. మా అమ్మమ్మది డోర్నకల్ కాబట్టి నాకు అజరయ్యగారి మాట కూడా గుర్తుకొస్తుంది. 1912లో డోర్నకల్‌కు బిషప్పై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడైన ఆయన, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. అంత పెద్ద సభలో ఆయన అడగదగినదిగా ఎంచుకున్నది స్నేహం.

ఇక మీరు చేయగలిగిన పని. మూడు నెలల నిద్రలేమి చిన్న విషయం కాదు, ముందు డాక్టరుకు చూపించుకోండి, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఏ కొంచెం వచ్చినా అదే రోజు ఎవరికైనా చెప్పండి, చెప్పేందుకు ఎవరూ లేని అర్ధరాత్రి అయితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే ఈ సేవ ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ ఆదివారం ఆశీర్వాదం కాగానే బయటికి రాకండి. చాపలు చుట్టేవాళ్లు, కుర్చీలు సర్దేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు, వెళ్లి ఒక పక్క పట్టుకోండి. వాళ్లే మీ పేరు, ఊరు అడుగుతారు, ఎక్కడ తింటున్నారని అడుగుతారు. మీ బాధ మొదటి రోజే చెప్పనక్కరలేదు, నాకు నాలుగు గురువారాలు పట్టింది. యవ్వనస్థుల కూడిక గానీ గృహ కూడిక గానీ వారం మధ్యలో ఎక్కడ జరుగుతుందో వాళ్లనే అడగండి, ఎందుకంటే రెండు వందల మంది ఉన్న ఆరాధనలో మీరు రాలేదని ఎవరూ గమనించకపోవచ్చు గానీ పది మంది కూడికలో మీ చోటు ఖాళీగా ఉంటే తెలిసిపోతుంది.

అక్కడ ఎవరూ కుదరకపోతే మా కూడికకు రండి. హనుమకొండ నుంచి కాజీపేటకు సిటీ బస్సులు ఉంటాయి. గురువారం సాయంత్రం ఏడింటికి మొదలవుతుంది, ఎనిమిదిన్నరకు అందరమూ అక్కడే తిని వెళ్తాము, పెద్దమ్మ ఇప్పటికీ వస్తుంది.