కొండ ఊళ్లో పాత సామాన్లతో చిన్న మ్యూజియం పెట్టాలంటే ఎలా మొదలుపెట్టాలి?

శ్రీకాకుళం జిల్లా మందస పైన మీ ఊళ్లో పాత బడి గది ఖాళీగా ఉందని, తాతల నాటి పనిముట్లు, వంట సామాన్లు అందులో పెడదామనుకుంటున్నామని రాశారు. మెళియాపుట్టి వైపు కొండ మీద మేం ఇలాంటి గదే ఒకటి నడుపుతున్నాం. నన్నడిగితే, సామాన్లు ఎవరి దగ్గరా కొనకండి, దానం అడగకండి. అరువు తెచ్చుకోండి.

చోళ్లు (రాగులు) విసిరే తిరగలిని ఏ ముసలమ్మయినా ఎందుకు ఇచ్చేస్తుంది? ఇంకా వాడుతోంది కదా. అందుకని మేం ఒక రిజిస్టరు పెట్టాం. వస్తువు ఎవరింటిది, ఎవరు చేశారు, ఎప్పుడు అడిగితే అప్పుడు వెనక్కి ఇస్తాం అని రాసి సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. అది చూశాక వాళ్లే తెచ్చిపెట్టడం మొదలుపెట్టారు. కందులు నూర్చే రోజుల్లో చేటలు, బుట్టలు ఇళ్లకి వెళ్లిపోతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఈ మేకుకి ఏం లేదేంటి?" అంటే "కళ్లంలో ఉంది, వెళ్లి చూడండి" అంటాం.

అసలు టెన్షన్ పురుగుతోనే. వెదురు బుట్ట పొయ్యి మీది అటకలో ఉన్నంతకాలం పొగ పట్టి పురుగు దరిచేరదు. శుభ్రంగా కడిగి గదిలో పెట్టామా, కొన్నాళ్లకే కింద సన్నటి పొడి రాలుతుంది. కాబట్టి మసి కడగొద్దు, పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. వార్నిష్ అసలొద్దు. నాగలి, రోకలి నేల మీద, గోడకి ఆనించి పెడితే చెద పడుతుంది, ఇటుకల మీద పెట్టండి. తడిసిన చెక్కని ఎండలో ఆరబెడితే పగులుతుంది, నీడలో గాలికి ఆరనివ్వాలి. అంబలి పట్టుకెళ్లే ఆనపకాయ బుర్రలని మాత్రం తాడుతో పైకి కట్టండి, ఎలుకలు వదలవు.

సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల జోలికి పోకండి. అవి అలంకారం కాదు, పెద్దలకీ దేవతలకీ మొక్కుగా వేసేవి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఫొటో చాలు.

చీటీల మీద వస్తువు పేరు సవర భాషలో కూడా రాయండి, తెలుగు లిపిలోనే. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, 1931లో ఆ భాష మీద పుస్తకమే అచ్చు వేయించారు. మనం నాలుగు చీటీలు రాయలేమా! కుంచం, అడ్డ, మానిక అనే కొలపాత్రలు పక్కపక్కనే పెట్టి, కుంచానికి నాలుగు మానికలని పిల్లల చేత బియ్యం కొలిపించండి. మా దగ్గర పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసేపు అక్కడే ఉంటారు.

అరకు గిరిజన మ్యూజియం 1996 నుంచి ఉంది, వీలైతే ఒకసారి చూసి రండి. కానీ అంత చెయ్యాలని షోకేసులకి డబ్బు తగలెయ్యకండి. ఆ డబ్బుతో ముందు పైకప్పు కారకుండా చూసుకోండి. తాళం ఊళ్లో ఎప్పుడూ ఉండే మనిషి దగ్గర ఉంచండి. మాది కిరాణా కొట్టు ఆమె దగ్గర ఉంటుంది.